బీఏ ఎల్‌ఎల్‌బీ: ఐదేళ్లలో రెండు డిగ్రీలు ఎలా చదవాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు, మా మారేడుపల్లి వీధి చివర అపార్ట్‌మెంట్‌లో ఉండే అబ్బాయి వాళ్లమ్మతో కలిసి మా ఇంటికొచ్చాడు. చేతిలో ఆన్‌లైన్ మెమో ప్రింటు. ఎంపీసీ చదివాడు, మార్కులు బాగానే ఉన్నాయి, ఇంజనీరింగ్ వద్దంటున్నాడు. ‘‘లాయరు చదువుతాడట అక్కా. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కోర్టు మెట్లెక్కింది లేదు. ముందు బీఏ చేసి, తర్వాత లా చేస్తే పోదా? రెండూ ఒకేసారి నెత్తినేసుకోవడమెందుకు?’’ అని ఆవిడ అడిగింది.

సికింద్రాబాద్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను గనుక ఏటా ఈ రోజుల్లో ఇలాంటి ప్రశ్నలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఆ తల్లీకొడుకులకు రెండు గంటలపాటు చెప్పిన దాన్నే, ఈసారి వరుసగా రాస్తున్నాను.

ముందు: ఈ చదువేమిటో తెలుసుకోండి

బీఏ ఎల్‌ఎల్‌బీ అంటే ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల కోర్సు. పది సెమిస్టర్లు. రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం వంటి ఆర్ట్స్ పేపర్లు ఎక్కువగా మొదటి రెండేళ్లలో వస్తాయి. లా పేపర్లు పక్కనే మొదలై, మూడో ఏడు నుంచి మొత్తం స్థలం అవే తీసుకుంటాయి. విడివిడిగా చదివితే బీఏకు మూడేళ్లు, ఎల్‌ఎల్‌బీకి మూడేళ్లు, మొత్తం ఆరేళ్లు. ఇక్కడ ఏడాది మిగులుతుంది. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్లో 1988లో మొదటి బ్యాచ్ తరగతులు మొదలయ్యాక ఈ పద్ధతికి దేశమంతా పేరొచ్చింది. మన శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ 1998లో అదే బాటలో పుట్టింది. అమెరికాలో ముందు ఒక డిగ్రీ పూర్తిచేస్తేనే లా స్కూల్లోకి రానిస్తారు. ఆస్ట్రేలియాలో ఆర్ట్స్, లా కలిపి చదివే జంట డిగ్రీ మామూలు విషయం. మనది ఆస్ట్రేలియా పద్ధతికి దగ్గర.

మిగిలే ఏడాది మాట అందరూ చెబుతారు. దాని వెనకున్న షరతు మాత్రం చేరాకగానీ తెలియదు. భారత బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఈ కోర్సులో మధ్యలో చేరడం లేదు, మధ్యలో దిగిపోవడమూ లేదు. మూడేళ్లు చదివి ‘‘లా నాకు పడలేదు, బీఏ పట్టా ఇచ్చేయండి’’ అంటే కుదరదు. రెండు డిగ్రీలూ ఒకే ముడిలో ఉంటాయి. అలాగే రెండు డిగ్రీలు ఒకేసారి చేసుకోవచ్చని యూజీసీ 2022లో అనుమతించింది కదా అని రెగ్యులర్ ఎల్‌ఎల్‌బీతోపాటు ఇంకో కాలేజీలో రెగ్యులర్ బీఏలో చేరకండి. లా చదువుకు బార్ కౌన్సిల్ మాటే చెల్లుతుంది, అది ఒప్పుకోదు.

అందుకని నా సలహా సూటిగా చెబుతాను. పేజీల కొద్దీ చదవడం ఇష్టమై, మనుషుల తగాదాల వెనక ఏముందో తెలుసుకోవాలనే కుతూహలం ఉంటే ఐదేళ్లది తీసుకోండి. లా మీద ఇంకా గురి కుదరకపోతే బీఏలో చేరండి. మూడేళ్ల తర్వాత కూడా అదే కోరిక నిలిస్తే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఎలాగూ ఉంది. దానికి పోయే ఒక్క ఏడాది నష్టమేమీ కాదు. ‘ఏదో ఒక సీటు’ అని వచ్చి మూడో ఏట ఎటూ పోలేక నలిగిన పిల్లల్ని చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆ అబ్బాయికి అప్పుడే ఒక పని కూడా అప్పగించాను. ‘‘ఫారం నింపేముందు ఒక రోజు కోర్టుకెళ్లి కూర్చో. అర్థమైనా కాకపోయినా చెవినపడ్డ కొత్త మాటలన్నీ రాసుకురా’’ అని. న్యాయస్థానంలో విచారణ బహిరంగంగా జరగాలన్నది చట్టం. ఎవరైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. ఫోను సైలెంట్‌లో పెట్టి, జడ్జిగారు వచ్చినప్పుడు లేచి నిలబడితే చాలు.

తర్వాత: ఏ పరీక్ష, ఎప్పుడు

మన దగ్గర ప్రధానంగా రెండు ద్వారాలున్నాయి. ఒకటి లాసెట్. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహిస్తూ వస్తోంది. ఏ గ్రూపుతో ఇంటర్ చేసినా రాయొచ్చు. ఇంటర్లో 45 శాతం మార్కులుండాలి, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. పరీక్ష కంప్యూటర్ మీద, 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, లా మీద ఆసక్తిని పరీక్షించే భాగానికి 60. తప్పు జవాబుకు మార్కు కోత లేదు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకండి. ప్రశ్నలు ఇంగ్లీషుతోపాటు తెలుగులోనూ ఉంటాయి. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు.

రెండోది క్లాట్. నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం వంటి జాతీయ లా యూనివర్సిటీల్లో చేరాలంటే ఇది రాయాలి. రెండు గంటలు, 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత, అంతా ఇంగ్లీషే. పెద్ద పేరా ఇచ్చి దానిలోంచి ప్రశ్నలడుగుతారు. బట్టీ పనిచేయదు. నల్సార్‌లో తెలంగాణ స్థానికులకు కొన్ని సీట్లు విడిగా ఉంటాయి, ఆ సంగతి తెలియక చాలామంది మన పిల్లలు అప్లయ్ కూడా చేయరు.

పొరపాటు ఎక్కువగా జరిగేది తేదీల దగ్గరే. క్లాట్ ఈమధ్య డిసెంబరు మొదట్లో జరుగుతోంది. అంటే ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలోనే రాసేయాలి. ఫలితాలు చూసుకుని మెల్లగా బయల్దేరినవాళ్లకు అది అప్పటికే దాటిపోయి ఉంటుంది. మా వీధి అబ్బాయికీ అదే అయింది. లాసెట్ మటుకు వేసవిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే మొదలవుతాయి. ఇంటర్ ఫలితాలకు ముందే ఫారం నింపొచ్చు. గడువు దాటితే లేటు ఫీజుతో ఇంకొన్ని రోజులు తీసుకుంటారు. ఏ ఏటి తేదీలు ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూడాలి, నిరుటి వాటిని నమ్ముకోవద్దు.

లాసెట్‌కు తయారవడం పెద్ద కొండేమీ కాదు. రోజూ ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు చదవండి. సంపాదకీయం ఉన్న పేజీ వదలకండి. రాజ్యాంగం మీద పదో తరగతి, ఇంటర్ పౌరశాస్త్రం పుస్తకాలు మళ్లీ తిరగేయండి. ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, రాష్ట్రపతి, పార్లమెంటు, హైకోర్టు అధికారాలు నోటికి రావాలి. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేయండి. కోచింగ్ లేకుండానే ఇంత చేయొచ్చు. చిక్కడపల్లి దగ్గర అశోక్‌నగర్‌లోని సిటీ సెంట్రల్ లైబ్రరీలో వందలమంది అలాగే చదువుకుంటున్నారు. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా అక్కడ దిగొచ్చు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు

ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్. కన్వీనర్ కోటా సీటు ఒకటి, మేనేజ్‌మెంట్ కోటా ఒకటి. ఫీజుల్లో తేడా చాలా ఉంటుంది. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైతే ఈపాస్‌ వెబ్‌సైట్లో దరఖాస్తు పెట్టుకోవాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే మీసేవలో తీసి ఉంచండి. స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, పదో తరగతి మెమో ఒక ఫైల్లో పెట్టుకుని, ప్రతిదానికీ మూడేసి జిరాక్సులు తీయించండి. చివరి నిమిషంలో ఆదాయ సర్టిఫికెట్ కోసం పరుగెత్తి సీటు పోగొట్టుకున్న కుటుంబం నాకు తెలుసు.

సికింద్రాబాద్ నుంచి వెళ్లొచ్చే దూరంలో అమీర్‌పేట వైపు పడాల రామారెడ్డి లా కాలేజీ, చిక్కడపల్లిలో పెండేకంటి, ఎల్బీనగర్ వైపు మహాత్మాగాంధీ వంటివి ఉన్నాయి. బీఏ ఎల్‌ఎల్‌బీతోపాటు బీబీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ కూడా నడుస్తాయి. ఏ కాలేజీలో ఈ ఏడు ఏ కోర్సుకు ఎన్ని సీట్లున్నాయో కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో చూసుకోండి. భవనం అద్దాలు చూసి మోసపోవద్దు. మూడు విషయాలు అడగండి. ఈ కోర్సుకు, ఈ ఏడాదికి బార్ కౌన్సిల్ అనుమతి ఉందా? మొదటి రెండేళ్లలో చరిత్ర, రాజనీతి చెప్పడానికి ఆ సబ్జెక్టుల్లో పీజీ చేసిన అధ్యాపకులు ఉన్నారా, లేక లా లెక్చరరే అదీ ఇదీ చెప్పేస్తున్నారా? లైబ్రరీ సాయంత్రం ఎన్నింటివరకు తెరిచి ఉంటుంది? రెండో ప్రశ్న ఎవరూ అడగరు. నాకు మాత్రం అదే ముఖ్యం. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఆర్ట్స్ పేపర్లను ఎలా చదవాలి

నేను ఐదేళ్ల కోర్సులో చేరినప్పుడు మొదటి రెండేళ్లూ ఒక ఎదురుచూపులాగే గడిపాను. లా ఎప్పుడు మొదలవుతుందా అని. చరిత్ర క్లాసుకు వెళ్లకుండా పరీక్ష ముందు గైడు కొని గట్టెక్కాను. మా కాలేజీలో కూడా ఎవరూ ఆపలేదు, ఆ పేపర్లను అందరూ లెక్కలోకి రానట్టే చూసేవారు. దాని ఖరీదు నాకు తెలిసింది జూనియర్‌గా చేరిన మొదటి నెలలో.

శివారు భూమి దావా ఒకటి మా సీనియర్ నా ముందు పెట్టారు. కట్టలో 1954-55 ఖాస్రా పహాణీ నకలు ఉంది. ఆ ఏళ్లలో హైదరాబాద్ రాష్ట్రంలో ప్రతి సర్వే నంబరుకూ ఎవరు పట్టాదారు, ఎవరు సాగులో ఉన్నారు అని రాసిన రికార్డు అది. తెలంగాణలో భూమి కేసంటే ఇప్పటికీ దాని దగ్గరికే పోవాలి. ఒక గడిలో ‘ఇనాం’ అని ఉంది. ఇంకో కాగితం మీద 1358 ఫసలీ అని తేదీ ఉంది. నేను ఆ రెండూ చూసి తెల్లమొహం వేశాను. సీనియర్ కోప్పడలేదు. ‘‘590 కలుపమ్మా, 1948-49 అవుతుంది. ఆ ఏడాది ఇక్కడేం జరిగింది?’’ అని మాత్రం అడిగారు.

జరిగింది అంతా నేను చదవకుండా వదిలేసిన పాఠంలోనే ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. మరుసటేడు, 1949 ఆగస్టులో, జాగీర్ల రద్దు రెగ్యులేషన్. దాని పేరులోనే 1358 ఫసలీ ఉంటుంది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం, దానితోనే రక్షిత కౌలుదారు అన్న మాట. దున్నేవాడికి భూమి ఎందుకివ్వాలన్న రాజకీయం, సాయుధ పోరాటం, దొరల గడీలు, నిజాం సొంత సర్ఫెఖాస్ భూములు, పైగా నవాబుల భూములు. ఇవన్నీ తెలిసినవాడికి ఆ పహాణీలోని ప్రతి గడీ మాట్లాడుతుంది. తెలియనివాడికి అదొక పాత కాగితం. నా క్లయింటు తాత ఎలా ఆ పొలంలోకి వచ్చాడో చెప్పగలిగితేనే జడ్జిగారికి నా వాదన అర్థమవుతుంది. చట్టం సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ ఎవరి కష్టం వల్ల పుట్టిందో చరిత్ర చెబుతుంది. రెండో సంగతి తెలియకుండా మొదటిదాన్ని సరిగ్గా చదవలేమని నేను ఆ ఒక్క కట్ట దగ్గర నేర్చుకున్నాను.

మన సికింద్రాబాద్‌నే తీసుకోండి. ఒక రోడ్డుకు ఇటు జీహెచ్‌ఎంసీ, అటు కంటోన్మెంట్. ఇటు ఇల్లు కట్టుకోవడానికి ఒక చట్టం, అటు 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం. కొన్ని పాత బంగళాల్లో కట్టడం ఒకరిది, దాని కింద నేల రక్షణ శాఖది, ఓల్డ్ గ్రాంట్ అంటారు. కొనేవాళ్లు ఇది తెలియక చిక్కుల్లో పడుతుంటారు. ఎందుకిలా అంటే 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకోవడం దగ్గరికి, 1806లో సికందర్ జా పేరుమీద ఈ దండు ఊరికి పేరు పెట్టడం దగ్గరికి వెళ్లాలి. ఇది చరిత్ర పేపరులో ఒక ప్రశ్న. ఇక్కడ ప్రాక్టీసు చేసే లాయరుకు సేల్ డీడ్ చూడగానే అడగాల్సిన ప్రశ్న కూడా.

కాబట్టి మొదటి రోజు నుంచీ ఇలా చేయండి. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఎడమ పేజీని ఆర్ట్స్‌కు, కుడి పేజీని లాకు ఉంచండి. రాజనీతిలో సమాఖ్య వ్యవస్థ పాఠం జరిగిన రోజు కుడి పక్కన రాజ్యాంగంలో ఏడో షెడ్యూల్ అని రాయండి. ఆర్థికశాస్త్రంలో పన్నులు వస్తే కుడివైపు జీఎస్టీ, 279ఎ అధికరణం. సమాజశాస్త్రంలో పెళ్లి, కుటుంబం వస్తే కుడివైపు 1955 హిందూ వివాహ చట్టం. మొదట్లో కుడి పేజీలు చాలా ఖాళీగా ఉంటాయి, ఉండనివ్వండి. మూడో ఏడు ఆ చట్టం క్లాసులోకి వచ్చినప్పుడు వెనక్కెళ్లి నింపండి. ఐదో ఏడు చివరికి ఆ పుస్తకం మీకు ఏ గైడూ ఇవ్వలేని వస్తువవుతుంది.

బేర్ యాక్ట్, తీర్పు

లా చదువులో మొదటి కొనుగోలు బేర్ యాక్ట్. వ్యాఖ్యానం లేని చట్టం పాఠం. కోఠిలో లా పుస్తకాల దుకాణాల్లో దొరుకుతుంది, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాతవి కూడా దొరుకుతాయి. కానీ పాతవి కొనేటప్పుడు జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి ఇంకా చాలా ఏళ్లు రెండూ తెలియాలి. హత్య 302 అని సినిమాల్లో విన్నాం, ఇప్పుడది 103.

సెక్షన్ చదివేటప్పుడు బట్టీ పట్టకండి. ఎవరు, ఏం చేస్తే, ఏ పరిస్థితిలో, ఏమవుతుంది, ఎప్పుడు కాదు అని ముక్కలు చేయండి. ‘మరియు’, ‘లేదా’ దగ్గర ఆగండి. కేసులు ఆ రెండు మాటల మీదే గెలుస్తాయి, ఓడిపోతాయి.

తీర్పు చదవడం ఇంకో పని. మొదటి తీర్పుగా నేను పిల్లలకు మేనకా గాంధీ కేసు ఇస్తాను. ఒక కాగితం మీద నాలుగే పంక్తులు రాయమంటాను. ఏం జరిగింది: 1977 జులైలో పాస్‌పోర్టు అప్పగించమని ఆమెకు ఉత్తరం వచ్చింది, కారణం అడిగితే ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పం అన్నారు. ప్రశ్న ఏమిటి: చట్టంలో రాసిన పద్ధతి ఏదైనా సరే ఉంటే చాలా, ఆ పద్ధతి న్యాయంగా కూడా ఉండాలా? కోర్టు ఏమంది: 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 21వ అధికరణం కింద ఆ పద్ధతి న్యాయమైనదిగా, సహేతుకంగా ఉండాలని చెప్పింది. ఎందుకంది: నాలుగో పంక్తి దగ్గర అందరూ తడబడతారు. 1950లో గోపాలన్ కేసులో ఇదే కోర్టు ఎందుకు వేరేగా చెప్పిందో, మధ్యలో 1975-77 అత్యవసర పరిస్థితిలో దేశం ఏం చూసిందో తెలిస్తే ఆ పంక్తి దానంతటదే వస్తుంది. మళ్లీ ఎడమ పేజీయే.

పౌరహక్కుల లాయరు కె.జి. కన్నబిరాన్ లాతోపాటు ఆర్థికశాస్త్రంలో ఎంఏ చేసినవారు. హైదరాబాద్ కోర్టుల్లో ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగా తలచుకుంటారు. లా తప్ప ఇంకేమీ చదవనక్కర్లేదనేవాళ్లకు నేను ఆయన పేరు చెబుతాను.

ఇంగ్లీషు భయం

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్లో కుంగిపోతారు. తీర్పుల్లో ఒక్కో వాక్యం పేజీకి సగం ఉంటుంది. రోజుకు రెండే పేజీలు పెట్టుకోండి, కానీ నిఘంటువుతో, పైకి చదవండి. రాజ్యాంగం తెలుగులో ఉంది, పక్కన పెట్టుకుని పోల్చి చదవండి. సుప్రీంకోర్టు తన తీర్పుల అనువాదాలను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో ఉచితంగా ఆన్‌లైన్లో పెడుతోంది. ఒకే తీర్పు రెండు భాషల్లో చదివితే ఇంగ్లీషూ వస్తుంది, తెలుగులో లా మాట్లాడటమూ వస్తుంది. రెండోది ఎంతో అవసరం. మన క్లయింటు ఇంగ్లీషులో ఏడవడు. 2023 జూన్‌లో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం అల్వాల్ పక్కన మచ్చబొల్లారం భూమి మీద అన్నదమ్ముల తగాదాలో తీర్పును తెలుగులో వెలువరించింది. తెలంగాణ హైకోర్టులో అలా రావడం అదే మొదలు. మా కోర్టు క్యాంటీన్లో ఆ రోజు అందరం దాని గురించే మాట్లాడుకున్నాం. తెలుగు బాగా వచ్చిన పిల్లలు అదొక లోటని అనుకోవద్దు.

ఇంటర్న్‌షిప్, హాజరు

ఐదేళ్లలో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించి చేయకూడదు. ట్రయల్ కోర్టులో పనిచేసే లాయరు దగ్గర ఒకసారి, అప్పీళ్లు చూసే లాయరు దగ్గర ఒకసారి తప్పకుండా ఉండాలి. కార్పొరేట్ ఆఫీసుల వెంట ముందే పడకండి. మొదటిది కింది కోర్టు లాయరు దగ్గరే చేయండి. పొద్దున కాల్ వర్క్ ఎలా నడుస్తుందో, వాయిదా ఎలా అడగాలో, బెంచి క్లర్కుతో ఎలా మర్యాదగా మాట్లాడాలో అక్కడే నేర్చుకుంటారు. లోక్ అదాలత్ జరిగే రోజు తప్పకుండా వెళ్లండి, ఒక్కరోజులో యాభై రకాల తగాదాలు కనిపిస్తాయి. తర్వాత హైకోర్టు. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన ఆ భవనానికి గ్రీన్ లైన్లో ఎంజీబీఎస్ దగ్గర దిగి నడిచిపోవచ్చు. 2019 జనవరి 1 నుంచి అది తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు.

హాజరు 70 శాతం ఉండాలన్నది బార్ కౌన్సిల్ నియమం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అంతకంటే ఎక్కువే అడుగుతారు. ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదివేద్దామనుకునేవాళ్లకు ఈ కోర్సు కాదు.

పట్టా చేతికొచ్చాక

తెలంగాణ బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ కావాలి. 1961 న్యాయవాదుల చట్టం ప్రకారం వయసు 21 నిండాలి, రుసుము 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంట్‌కు అంతకుమించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తేల్చింది. స్టాంపు డ్యూటీ వేరు. తర్వాత అఖిల భారత బార్ పరీక్ష. 100 ప్రశ్నలు, నోట్సు లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లనిస్తారు. ఐదేళ్లూ గైడ్లు చదివినవాళ్లకు ఏ సెక్షన్ ఎక్కడుందో దొరకదు, బేర్ యాక్టుతో పెరిగినవాళ్లు తేలిగ్గా దాటేస్తారు.

జడ్జి కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ నుంచే అది లెక్కకొస్తుంది, కాబట్టి పట్టా రాగానే ఎన్‌రోల్ అవడం ఆలస్యం చేయకండి. గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్లకు బీఏ పేపర్లు సగం సిలబస్ అప్పటికే పూర్తిచేసి ఉంచుతాయి.

జూనియర్‌గా మొదటి రెండు మూడేళ్లు డబ్బు తక్కువ. ఈ మాట తల్లిదండ్రులకు దాచకుండా చెప్పాలి. ఇంజనీరింగ్ చదివిన పక్కింటి పిల్లాడికి ప్లేస్‌మెంట్ వచ్చిన రోజున మీ వాడు సీనియర్ ఫైళ్లు మోస్తూ ఉంటాడు. ఆ కాలానికి ఇంటి నుంచి అండ ఉండాలి, లేదంటే ముందే ఏర్పాటు చేసుకోవాలి. నేను ఆ తల్లికి ఇది చెప్పినప్పుడు ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘మూడేళ్లే కదక్కా, చూసుకుంటాం’’ అంది.

అబ్బాయి నాలుగు రోజుల తర్వాత వచ్చాడు. లేటు ఫీజుతో లాసెట్‌కు కట్టేశాడట. సిటీ సివిల్ కోర్టులో పదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. నోట్‌బుక్ తెరిచి చూపించాడు. వకాలత్, కౌంటర్, మెమో, ఎక్స్‌పార్టీ, పాసోవర్, స్టెప్స్, కమిషనర్ వారెంట్. పదిహేడు మాటలు, కొన్నింటి స్పెల్లింగ్ తప్పు. ‘‘ఆంటీ, ఒకాయన పేరు పిలిస్తే ఎవరూ రాలేదు. జడ్జిగారు రెండోసారి పిలిపించి, అప్పుడు ఎక్స్‌పార్టీ అన్నారు. ఆయన ఎందుకు రాలేదో ఎవరైనా కనుక్కుంటారా?’’ అన్నాడు.

ఆ ప్రశ్నను నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద రాయమన్నాను. కుడి పేజీలో, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 అని నేనే రాసిచ్చాను.